చిన్న విమానంలో చిన్న సామాను

ట్రంకు పెట్టె గొళ్లెం ఊడితే మనం ఏం చేస్తాం? తీగ ముక్క తెచ్చి మెలిపెడతాం. బెల్టు బెజ్జం సాగిపోతే మేకుతో పక్కన ఇంకోటి పొడుస్తాం. హాస్టల్లో ఉన్నవాళ్లకు ఈ విద్య ఒకరు నేర్పనక్కర్లేదు. కానీ ఈ తెలివి పనికిరాని చోటు ఒకటుంది. అది నలుగురు కూర్చునే చిన్న విమానం లోపలి భాగం.

దగదర్తి విమానాశ్రయం మాట మన జిల్లాలో ఏళ్ల తరబడి వింటున్నాం గానీ, చిన్న విమానాన్ని దగ్గరగా చూసినవాళ్లు మనలో తక్కువ. హైదరాబాదు బేగంపేటలో ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీ ఉండేది. ఇప్పుడది తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ. అక్కడ శిక్షణకు వాడుతూ వచ్చినవి సెస్నా 152, సెస్నా 172 వంటి విమానాలు. ఈ 172 మొదట 1955లో ఎగిరింది. ఇప్పటికి 44 వేలకు పైగా తయారయ్యాయి. వాటిలో చాలా విమానాల వయసు మన నాన్నల వయసంత. కాబట్టి లోపల గుండీలు, పిడులు, ప్లాస్టిక్ తొడుగులు, సీటు గుడ్డలు అరిగిపోవడం, ఊడిపోవడం మామూలే.

అన్నిటికంటే ముఖ్యమైనది సీటు. పైలట్ సీటు నేలమీద రెండు పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. పట్టాలో వరసగా బెజ్జాలుంటాయి. సీటు కింది పిన్ను ఒక బెజ్జంలో పడితే సీటు ఆగుతుంది. అంటే మన బెల్టు పద్ధతే! ఏళ్లు గడిచేకొద్దీ గుండ్రటి బెజ్జం కోలగా సాగుతుంది, పిన్ను కొన అరుగుతుంది. విమానం వేగం అందుకుని ముక్కు పైకెత్తే సమయంలో పిన్ను జారితే సీటు పైలట్‌తో సహా వెనక్కి పోతుంది. చేతిలో ఉన్న స్టీరింగును అతను తెలియకుండానే తనతో లాగేస్తాడు. ముక్కు ఇంకా లేస్తుంది, రెక్కలు గాలిలో పట్టు కోల్పోతాయి, కాళ్లేమో పెడళ్లకు అందవు. ఇలా నిజంగా ప్రాణాలు పోయాయి. అందుకే అమెరికా విమానయాన సంస్థ 1987లో సీటు పట్టాల తనిఖీకి ఆదేశమిచ్చింది. 2011లో దాన్ని సవరించింది. ప్రతి 100 గంటల ప్రయాణానికి గానీ, 12 నెలలకు గానీ, ఏది ముందొస్తే అప్పుడు బెజ్జాలనూ పిన్నులనూ కొలిచి చూడాలి. హద్దు దాటితే మార్చాల్సిందే. పక్కన ఇంకో బెజ్జం పొడవడం కుదరదు.

గుండీల సంగతీ అంతే. నల్లది ఇంజనుకు వేగమిచ్చేది. ఎర్రది పెట్రోలు, గాలి పాళ్లు సరిచేసేది. ఎర్రదాన్ని పూర్తిగా లాగితే ఇంజను ఆగిపోతుంది. చూడకుండా తడిమినా తెలియాలని రెంటికీ ఆకారం వేరుగా పెట్టారు. దొరికిందని ఏదో ఒక గుండీ బిగిస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. దిక్సూచి దగ్గర మామూలు ఉక్కు స్క్రూ పెట్టినా ముల్లు దారి తప్పుతుంది. అక్కడ అయస్కాంతానికి అంటని స్క్రూనే వాడాలి.

మైపాడు, కృష్ణపట్నం పిల్లలకు ఉప్పుగాలి సంగతి చెప్పాలా? తలుపు బందులు ఏడాదికే తుప్పు పడతాయి. విమానం ఒళ్లు అల్యూమినియం. అందులో తగని ఉక్కు స్క్రూ బిగించి ఉప్పుతేమ తగిలితే చుట్టూ ఉన్న అల్యూమినియమే తెల్లపొడిలా రాలుతుంది. సముద్రం పక్క నిలిపే విమానాలకు ఈ బెడద ఎక్కువ.

మరి కొత్త భాగం ఎలా తేవాలి? కంపెనీ పుస్తకంలో బొమ్మతో సహా ప్రతి భాగానికీ నంబరుంటుంది. ఆ నంబరు సరిపోతే చాలదు, వెంట కాగితం రావాలి. అమెరికా నుంచైతే 8130-3 అనే పత్రం, మన దేశంలో డీజీసీఏ ఆమోదమున్న సంస్థ ఇస్తే సీఏ ఫారం 1. సీటు గుడ్డకైతే మంట త్వరగా పాకదని పరీక్ష చేసిన కాగితం కూడా. చివరికి లైసెన్సున్న విమాన నిర్వహణ ఇంజనీరు చూసి, లాగ్‌బుక్కులో రాసి సంతకం చేయాలి. సామాను కన్నా కాగితమే ఖరీదా అని నవ్వొస్తుంది గానీ, ఆ సంతకం మీద నమ్మకంతోనే పైలట్ ఎక్కుతాడు. ఈ ఇంజనీరు చదువుకు ఇంటర్‌లో ఎంపీసీ ఉంటే దారి ఉంది. మన పిల్లల్లో చాలామందికి ఈ సంగతే తెలియదు.

ఇంకొక్క మాట. లోపల ఒక స్క్రూ కనబడకపోతే వెంటనే కొత్తది బిగించి ఊరుకోరు. పాతది ఎక్కడ పడిందో వెతుకుతారు. నేల పలకలు విప్పి, టార్చిలైటు వేసి, తోకను తిప్పే తీగల మధ్య, కప్పీల సందుల్లో చూస్తారు. అది దొరికేదాకా విమానం షెడ్డులోనే ఉంటుంది.