వెబ్ పుటలో తెలుగు గళ్ళ నుడికట్టు: గడి విన్యాసం, అక్షర నిర్ణయం

సారాంశం: వెబ్ తెరపై ఆటపలక గళ్ళను గీయడం సులభమైన పని. తెలుగు గళ్ళ నుడికట్టులో అసలు చిక్కు ఒక్కో గడిలో దేనిని నిలపాలన్నది. ఇది సాంకేతిక ప్రశ్నగా కనిపించినా, నిజానికి అక్షర నిర్వచనానికి సంబంధించిన ప్రశ్న. దీనికి సమాధానం తెలుగు వ్యాకరణ, ఛందో పరిజ్ఞానం నుంచి రావలసి ఉంటుందని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: గళ్ళ నుడికట్టు, అక్షరం, యూనికోడ్, పొల్లు, సీఎస్ఎస్ గ్రిడ్.

1. పలక నిర్మాణం

అడ్డం 9, నిలువు 9 గళ్ళున్న పలకను తీసుకుందాం. మొత్తం 81 గళ్ళు. 2017 నుంచి ప్రధాన బ్రౌజర్లలో అందుబాటులోకి వచ్చిన సీఎస్ఎస్ గ్రిడ్ పద్ధతిలో, ఉన్న వెడల్పును తొమ్మిది సమభాగాలుగా పంచమని ఒక్క వాక్యంలో ఆదేశించవచ్చు. అయితే ఈ సమభాగాల కొలత మామూలుగా లోపలి పదార్థం కంటే చిన్నదిగా కుదించుకోదు. ఇరుకైన ఫోన్ తెరపై ‘త్స్న’ వంటి వెడల్పాటి అక్షరం పడితే ఆ నిలువు వరుస ఉబ్బి, పలక వంకరపోతుంది. అందువల్ల ప్రతి వరుసకూ కనిష్ఠ వెడల్పు సున్న అని ప్రకటించాలి. తెలుగులో గుడి, ఏత్వం వంటివి పైకి, ఒత్తులు కిందికి విస్తరిస్తాయి. కాబట్టి అక్షర పరిమాణాన్ని రోమన్ లిపికి సరిపోయే కొలతతో కాక, ఒత్తున్న అక్షరాలను గడిలో నిలిపి చూసి నిర్ణయించాలి.

2. యంత్రపు లెక్క, అక్షరపు లెక్క

యూనికోడ్‌లో హల్లు, పొల్లు గుర్తు, గుణింతపు గుర్తు వేర్వేరు సంకేతాలు. ‘స్త్రీ’ మనకు ఒకే సంశ్లేషాక్షరం. యంత్రానికి స, పొల్లు గుర్తు, త, పొల్లు గుర్తు, ర, దీర్ఘ ఈకారం అనే ఆరు సంకేతాలు. సంకేతానికొక గడి ఇస్తే పొల్లు గుర్తుకూ ఒక గడి దక్కుతుంది. అడ్డం మాట, నిలువు మాట ఒక గుణింతపు గుర్తు దగ్గర కలుసుకునే వింత ఏర్పడుతుంది.

పాఠకుడు ఒక అక్షరంగా గుర్తించే సంకేత సముదాయాన్ని వేరుచేసే నియమాలు యూనికోడ్‌లో ఉన్నాయి. అయినా 2023లో వెలువడిన 15.1 సంచికకు ముందు, ఆ సాధారణ నియమాల ప్రకారం ‘స్త్రీ’ని విడదీస్తే స్, త్, రీ అని మూడు ముక్కలయ్యేది. ఆ సంచికలో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడగొట్టకుండా ఉంచే నియమం చేరింది. ఒత్తుతో కూడిన అక్షరం ఒకటేనని మన వాచకాలు ముందునుంచీ నేర్పుతున్న విషయాన్ని ఆ ప్రమాణం ఇంత ఆలస్యంగా గుర్తించింది.

3. పొల్లు సమస్య

ఇక్కడితో ప్రశ్న తీరదు. ‘కంప్యూటర్’లో ఎన్ని అక్షరాలు? సంకేతాలు తొమ్మిది. లిపిరూపంలో కం, ప్యూ, ట, ర్ అని నాలుగు. ఛందస్సులో కం, ప్యూ, టర్ అని మూడు; పొల్లు తన ముందున్న అక్షరంలో చేరి దానిని గురువు చేస్తుంది. ఈ రెండు లెక్కల్లో ఏదీ తప్పు కాదు. ఛందస్సు ఉచ్చారణ కాలాన్ని కొలుస్తుంది. గడి కంటికి విడిగా కనిపించే రూపాన్ని కొలుస్తుంది.

అక్షరాన్ని గడిలో నిలపడం మనకు కొత్త కాదు. కిరాతార్జునీయం పదిహేనవ సర్గలోని సర్వతోభద్రబంధంలో 32 అక్షరాల శ్లోకాన్ని నాలుగు వరుసలుగా రాసి, అవే వరుసలను తిరగవేసి రాస్తే 64 గళ్ళ పలక ఏర్పడుతుంది. ఏ వైపునుంచి చదివినా శ్లోకం నిలవడానికి కారణం అక్కడి ప్రమాణం అక్షరం కావడమే. వర్ణాలుగా విడగొడితే ఆ బంధం విడిపోతుంది.

4. ప్రతిపాదిత నియమాలు

ఒకటి: హల్లు, దాని ఒత్తులు, గుణింతం, సున్న లేదా విసర్గ కలిసి ఒక గడి, అచ్చుకు ఒక గడి, పదాంతపు పొల్లుకు ప్రత్యేక గడి. ఈ నియమాన్ని పలక పక్కనే ఆటగాడికి తెలపాలి.

రెండు: గడిలో ఒక సంకేతం పడగానే తదుపరి గడికి దూకించకూడదు. ‘స’ టైపు చేసినవారు అక్కడితో ఆగుతారో, ‘స్త్రీ’ వరకు వెళ్తారో యంత్రానికి ముందుగా తెలియదు. గడి మారే నిర్ణయం ఆటగాడిదే కావాలి.

మూడు: జవాబును ఒకే పదంగా కాక, గళ్ళ వరుసగా భద్రపరచాలి. ‘సాఫ్ట్‌వేర్’లో ‘ఫ్ట్’ తరువాత కంటికి కనిపించని విభాజక సంకేతం ఉంటే సా, ఫ్ట్, వే, ర్ అని నాలుగు గళ్ళు. అది లేకపోతే ‘ఫ్ట్వే’ ఒక్కటై మూడే గళ్ళు. జవాబు గళ్ళ వరుసగా ఉండి, పోల్చేటప్పుడు ఈ విభాజకాన్ని లెక్కలోంచి తొలగిస్తే, సరిగా పూరించినవారికి తప్పు పడదు.

5. ముగింపు

గడి ఒక చిన్న చతురస్రమే. కానీ దానిని నింపే ప్రతి ప్రోగ్రాంలోనూ అక్షరానికి ఒక నిర్వచనం దాగి ఉంటుంది. పదక్రీడలకే కాదు, గణవిభజన చేసే ఉపకరణాలకూ, పిల్లలకు లిపి నేర్పే అనువర్తనాలకూ ఇది వర్తిస్తుంది. ఆ నిర్వచనాన్ని తెలుగు శాఖలు స్పష్టంగా రాసి ఇవ్వకపోతే, ప్రోగ్రామర్ తన అవసరానికి తోచినదే ఖాయం చేస్తాడు. విద్యార్థులు దానినే అక్షరంగా నేర్చుకుంటారు. లిపి అక్షరానికీ ఛందో అక్షరానికీ ఉన్న తేడాను ఉదాహరణలతో క్రోడీకరించడం తెలుగు పరిశోధకులు వెంటనే చేపట్టదగిన పని.