పసి ఒంట్లో నెలాఖరు పొదుపు!

తొమ్మిది నెలలొచ్చాయి. పాపాయి బరువు పెరగడం లేదు, ఆటల్లో హుషారూ లేదు. రక్తపరీక్ష చేయిస్తే థైరాయిడ్‌ హార్మోన్‌ 'టీ3' తక్కువని వచ్చింది. ఇక జీవితాంతం మాత్రలేనా... అమ్మానాన్నలకు దిగులు.

అక్కర్లేకపోవచ్చు. నెలాఖరుకి డబ్బులు తగ్గితే ఇల్లాలు ఖర్చులు తగ్గిస్తుంది కదా, తిండి చాలనప్పుడు ఒళ్లూ అదే చేస్తుంది. శక్తి ఎంత వేగంగా ఖర్చవ్వాలో చెప్పేది టీ3. థైరాయిడ్‌ గ్రంథి ఎక్కువగా విడుదల చేసే టీ4ని కాలేయంలాంటి అవయవాలు టీ3గా మారుస్తాయి. పోషకాహారలోపం తీవ్రమైతే ఈ మార్పిడి తగ్గిపోయి, పనిచేయని 'రివర్స్‌ టీ3' పెరుగుతుంది. ఈ పిల్లల్లో టీఎస్‌హెచ్‌ చాలావరకు మామూలుగానే ఉంటుంది. వీరికి అసలు మందు ఆహారమే. డాక్టర్ల పర్యవేక్షణలో కొద్దికొద్దిగా పెంచుతూ పెడితే బరువుతోపాటు టీ3 కూడా పుంజుకుంటుంది. తిండి లేకుండా మాత్రలిస్తే, జేబు ఖాళీ అయ్యాక ఖర్చు పెంచినట్టే!

అదే టీఎస్‌హెచ్‌ బాగా పెరిగి ఉంటే కథ వేరు. అది పుట్టుకతో వచ్చిన థైరాయిడ్‌ లోపం కావచ్చు. పుట్టిన తొలి వారాల్లోనే థైరాక్సిన్‌ మొదలుపెట్టకపోతే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. అందుకే పుట్టిన కొద్దిరోజులకే మడమ నుంచి రక్తపుచుక్క తీసి పరీక్షించడం మంచిదంటారు వైద్యులు.

ఒక బిడ్డకు ముద్ద, మరో బిడ్డకు మాత్ర. ఎవరికేదో తేల్చాల్సింది మాత్రం డాక్టరే.