ఎముకల డాక్టరు గారి ప్రక్కన ఉండేదెవరు?



ఎముకల ఓ.పి.లో దెబ్బ ఎలా తగిలిందో ముందుగా అడిగి రాసుకునేవారిని కొందరు కంపౌండరు అంటారు, కొందరు డాక్టరు గారనే పిలుస్తారు. రెండూ కాదు. వారు ఫిజీషియన్ అసిస్టెంట్. మన దేశంలో ఈ చదువు 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో, గుండె ఆపరేషన్లలో సహాయం కొరకు మొదలైంది. ఇప్పుడు ఎముకల విభాగాలలోనూ వీరున్నారు. ఆపరేషన్‌లో సహాయం చేస్తారు, పిండికట్టు వేస్తారు, వార్డులో గాయం చూస్తారు. అంతా డాక్టరు గారి పర్యవేక్షణలోనే.

మన నల్గొండ జిల్లాలో వీరు మరొకటి అడగాలి. మర్రిగూడ, మునుగోడు వైపు నుండి నడుము బిగుసుకుపోయి వచ్చే పెద్దలను "ఏ బోరు నీళ్లు తాగారు, ఎన్నేళ్లు?" అంటారు. విసుక్కోకండి. ఫ్లోరోసిస్ ఉన్న ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనిపించినా పెళుసుగా ఉండవచ్చు.

పిండికట్టు వేశాక వేళ్లు చల్లబడినా, నీలమైనా, తిమ్మిరెక్కినా, నొప్పి ఓర్చుకోలేకపోయినా తెల్లవారేదాకా ఆగవద్దు. రాత్రి బస్సు లేదని ఆగితే చెయ్యే పోవచ్చు. ఏ వేళనైనా రండి, ఎవరూ కోప్పడరు.

ఇంటర్ బై.పి.సి. చదివిన మీ పిల్లలకు ఇది మంచి డిగ్రీయే. 2021 నాటి అలైడ్ హెల్త్ చట్టంలో ఈ వృత్తికి చోటు దొరికింది. అయితే ఎం.బి.బి.ఎస్.కు దొడ్డిదారి అని చెప్పే ఏజెంట్లను నమ్మకండి. ఫీజు కట్టేముందు కాలేజీకి యూనివర్సిటీ గుర్తింపు ఉందో లేదో కనుక్కోండి. ఉద్యోగాలు ఎక్కువగా హైదరాబాదు వంటి నగరాలలోని పెద్ద ఆసుపత్రులలోనే. గంటల తరబడి నిలబడాలి, రాత్రి డ్యూటీలుంటాయి. ఆ సంగతీ పిల్లలకు ముందే చెప్పండి.