పెద్ద తొట్టెలో బొగ్గుపులుసు వాయువు

గాలికి తెరచి ఉంచిన నీటిలో, 25 డిగ్రీల సెల్సియస్ వద్ద, లీటరుకు సుమారు 0.6 మిల్లీగ్రాముల కార్బన్ డై ఆక్సైడ్ మాత్రమే కరిగి ఉంటుంది. పాత తెలుగు పుస్తకాలు దీనినే బొగ్గుపులుసు వాయువు అన్నాయి. పులుపును గుర్తుచేసే ఆ పేరే నాకు ఇష్టం. అక్వేరియంలో నీటిమొక్కలను ఏపుగా పెంచదలచినవారు సాధారణంగా కోరుకునేది లీటరుకు 30 మిల్లీగ్రాములు, అంటే దాదాపు యాభై రెట్లు. 400 లీటర్ల తొట్టెకు లెక్కవేస్తే అది 12 గ్రాములు. వాయురూపంలో ఆరున్నర లీటర్ల పైమాట. నీటి ఉపరితలం నుండి తప్పించుకుపోయేదీ మొక్కలు పీల్చుకునేదీ దీనికి అదనం.

ఈ వాయువు నీటిలో కరగనిదేమీ కాదు. ఒక వాతావరణ పీడనం వద్ద శుద్ధ కార్బన్ డై ఆక్సైడ్‌ను లీటరు నీరు దాదాపు 1.45 గ్రాముల వరకూ ఇముడ్చుకోగలదు. కనుక చిక్కు ద్రావణీయతలో లేదు. వాయువుకూ నీటికీ మధ్య ఉండే స్పర్శలో, ఆ స్పర్శకు దొరికే వ్యవధిలో ఉంది. మన ఊపిరితిత్తులు కోట్లాది వాయుగోణులుగా చీలి ఉన్నది కూడా ఇందుకే. ఒక మిల్లీలీటరు వాయువు 3 మిల్లీమీటర్ల వ్యాసం గల బుడగలుగా విడిపోతే వాటి మొత్తం ఉపరితలం 20 చదరపు సెంటీమీటర్లు, 0.3 మిల్లీమీటర్ల బుడగలైతే 200. పైగా చిన్న బుడగ నెమ్మదిగా పైకి తేలుతుంది. చిన్న తొట్టెలలో పింగాణీ బిళ్ళ చక్కగా పనిచేయడానికి కారణం ఇదే. పెద్ద తొట్టెకు కావలసినంత వాయువును ఆ బిళ్ళగుండా నెట్టితే బుడగలు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై, కొన్ని సెకన్లలోనే పైకి చేరి పగిలిపోతాయి.

అందువల్ల కరిగించే పనిని తొట్టె బయటికి తరలించడమే మేలని నా అభిప్రాయం. ఫిల్టరు నుండి తిరిగివచ్చే నీటిని నిలువు గొట్టంలోకి పైనుండి పంపి, అడుగునుండి బయటికి తీయాలి. వాయువును పైభాగంలోనే వదలాలి. బుడగ పైకి పోజూస్తుంది, నీరు కిందికి నెడుతుంది. మధ్యలో చిక్కిన బుడగ క్రమంగా కరిగిపోతుంది. దీనినే రియాక్టర్ అంటారు. ఇక్కడ చాలామంది పట్టించుకోనిది గొట్టం వ్యాసం. గంటకు 1000 లీటర్ల ప్రవాహం 5 సెంటీమీటర్ల గొట్టంలో సెకనుకు 14 సెంటీమీటర్ల వేగంతో దిగుతుంది, సన్నని బుడగలను తనతో ఈడ్చుకుపోతుంది. 10 సెంటీమీటర్ల గొట్టంలో ఆ వేగం మూడున్నరకు పడిపోతుంది. బుడగలు లోపలే నిలుస్తాయి. నీటిలోని నత్రజని, ఆమ్లజని కొంత బుడగలలోకి చేరి గొట్టం పైన పోగుపడతాయి కాబట్టి, ఆ గాలిని అప్పుడప్పుడు వదిలివేయాలి.

కరిగిన వాయువు ఆకును చేరడం మరో సంగతి. నీటిలో విసరణ గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు నెమ్మది. తొట్టె మూలలలో సైతం ఆకులు మెల్లగా ఊగేంత ప్రవాహం ఉండాలి.

ఇక చేపలు. వాటి రక్తంలోని కార్బన్ డై ఆక్సైడ్ మొప్పల ద్వారా నీటిలోకి పోవాలంటే నీటిలో అది తక్కువగా ఉండాలి. ఎక్కువైతే రక్తం ఆమ్లీకృతమవుతుంది. చాలా జాతులలో హీమోగ్లోబిన్ ఆమ్లజనిని మోసే శక్తే తగ్గుతుంది. నీటిలో ఆమ్లజని ఉన్నా చేప పైకివచ్చి నోరు తెరుస్తుంది. వాయువు వృథా కాకూడదని నీటి ఉపరితలాన్ని కదలకుండా ఉంచమనే సలహాతో నేను ఏకీభవించను. అలలు ఆమ్లజనిని తెస్తాయి. కార్బన్ డై ఆక్సైడ్ పెరిగినకొద్దీ దానిని వేగంగా బయటికి పంపుతాయి. రియాక్టర్ ఉన్నచోట ఆ నష్టాన్ని భరించవచ్చు.

కొలతకు బుడగలను లెక్కపెట్టడం పెద్ద తొట్టెలో నిరర్థకం. రంగు మారే సూచిక ఆకుపచ్చగా ఉంటే సుమారు 30 ఉన్నట్టు; కాని అది గంట, రెండు గంటలు ఆలస్యంగా చెబుతుంది. నీటి క్షారత మారనంతవరకు, పీహెచ్ ఒక అంకె తగ్గితే వాయువు పదింతలైనట్టు. ఒక అంకె తగ్గితే చాలనే వాడుక సూత్రం, ఆరంభంలోనే నీటిలో 3 మిల్లీగ్రాములు ఉన్నప్పుడు మాత్రమే సరిపోతుంది.

దీపాలు వెలిగే ముందు గంట, రెండు గంటలు వాయువును వదలడం మొదలుపెట్టి, అవి ఆరకముందే ఆపాలి. సిలిండర్ విషయంలో ఒక హెచ్చరిక: లోపల ద్రవం మిగిలి ఉన్నంతవరకూ పీడనం 20 డిగ్రీల వద్ద 57 బార్ల దగ్గరే నిలుస్తుంది, కనుక మీటరును చూసి ఎంత మిగిలిందో చెప్పలేము; తూచి చూడాలి. ముల్లు దిగడం మొదలైందంటే ద్రవం అయిపోయినట్టే. ఒకే దశ గల కొన్ని రెగ్యులేటర్లు అప్పుడు వాయువును ఒక్కసారిగా ఎక్కువగా వదులుతాయి. రాత్రికి రాత్రే చేపలన్నీ చనిపోవచ్చు. రెండు దశల రెగ్యులేటర్‌కు ఖర్చు ఎక్కువే అయినా, పెద్ద తొట్టెకు అదే కొనాలి.