ప్రాత పత్రికలు - క్రొత్త సంపుటములు

దినపత్రిక యొక్క ఆయుర్దాయము ఒక్క దినము. ఉదయమున దానికై యింటిల్లిపాదియు ఎదురుచూతురు. మఱునాటికి అది పచారీ కొట్టులో పొట్లముగా మాఱును. అట్టి కాగితముపై అచ్చయిన బొమ్మ నూఱేండ్లు నిలుచునని ఎవరును తలంపరు. దానిని గీచిన చిత్రకారులలో పెక్కురు కూడ అట్లు తలంపలేదు. అయినను నేడు అమెరికాలోని పుస్తకముల అంగళ్లలో నూఱేండ్లనాటి దినపత్రికల చిత్రకథలు గట్టి అట్టల సంపుటములుగా లభించుచున్నవి. కొన్ని సంపుటములను ఒక అట్టపెట్టెలో నమర్చి అమ్ముటయు కలదు. వానిని వరుసగా కొని బీరువాలలో చేర్చుకొనువారు అనేకులు. ఒక్కనాటి కాగితము పుస్తకమెట్లయ్యెనను ఈ వృత్తాంతములో ఒక గొప్ప నష్టమును, దానిని కొంతవఱకు నివారించిన ఒక మనుష్యుని పట్టుదలయు కలవు.

ఇట్లు కూర్చి దాచుకొనవలెనను కోరిక తెలుగువారికి క్రొత్తది కాదు. 1947వ సంవత్సరము జులై నెలలో మదరాసునుండి వెలువడనారంభించిన 'చందమామ' సంచికలను పండ్రెండింటిని కలిపి కుట్టించి, పై అట్ట వేయించి దాచుకొన్న కుటుంబములు ఎన్నియో యుండెడివి. వారపత్రికలోని ధారావాహిక నవలను వారము వారము విడదీసి, కథ ముగిసిన పిమ్మట బైండు చేయించుకొనుటయు సామాన్యమే. మనవారు ఇంటిలో చేసికొన్న ఆ పనిని అమెరికాలో ప్రచురణకర్తలు పెద్దయెత్తున చేసిరని చెప్పవచ్చును. కాని వారికి ముడిసరకే దొరకని దినము వచ్చెను.

పందొమ్మిదవ శతాబ్దము చివరి దశకమున న్యూయార్కు నగరపు పత్రికలు ఒకదానితో నొకటి పోటీపడి, ఆదివారపు సంచికలకు రంగుల అనుబంధములను చేర్చుకొనెను. 1895లో ఔట్‌కాల్ట్ అను చిత్రకారుడు 'వరల్డ్' పత్రికలో గీచిన మురికివాడ బాలుడు అనతికాలములోనే పసుపుపచ్చ చొక్కా ధరించి నగరమంతటికిని పరిచితుడయ్యెను. పిమ్మట చిత్రకథ లేని ఆదివారపు పత్రిక అరుదయ్యెను.

ఆ కాలపు చిత్రకథలలో 'లిటిల్ నీమో' మిక్కిలి సుందరమైనది. దీనిని విన్సర్ మెకే అను నాతడు 1905వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన 'న్యూయార్కు హెరాల్డ్' పత్రికలో ఆరంభించెను. నీమో అను చిన్నబాలుడు ప్రతి ఆదివారమును నిద్రలో ఒక వింతలోకమునకు పోవును. చివరి గడిలో మంచముపైనుండి క్రిందపడియో, తల్లిదండ్రుల పిలుపు వినియో మేలుకొనును. కథయంతయు ఇంతే. కాని ఆ స్వప్నములను మెకే గీచిన తీరు అద్భుతము. 1908లో వెలువడిన ఒక పుటలో బాలుని మంచమునకు కాళ్లు పొడుగుపొడుగుగా పెరిగి, అది పట్టణపు మేడలమీదుగా నడచి పోవును! ఒక్కొక్క కథ పత్రికలో ఒక నిండుపుటను ఆక్రమించెడిది. పత్రిక పుట యనగా నేటి పాఠ్యపుస్తకపు పుట కాదు. దానిని విప్పి పట్టుకొనినచో చిన్నపిల్లవాడు దాని వెనుక పూర్తిగా మఱుగుపడును.

ఇట్టి బొమ్మలకు కలిగిన ఆపద వానిని మోసిన కాగితమువలననే కలిగెను. పూర్వము ప్రాతగుడ్డల పీలికలనుండి కాగితమును చేసెడివారు. అది చిరకాలము మన్నెడిది. పత్రికల అమ్మకము పెరిగిన కొలదియు చౌక కాగితము కావలసి వచ్చి, కొయ్యను నూఱి చేసిన గుజ్జును వాడసాగిరి. కొయ్యలో లిగ్నిన్ అను పదార్థముండును. వెలుతురును గాలియు సోకినప్పుడు అది మార్పుచెంది కాగితమునకు పసుపువన్నె తెచ్చును. కాగితములో ఆమ్లము పెరిగి దాని పోగులను తినివేయును. తుదకు కాగితము అప్పడమువలె పెళుసై, మడతపెట్టిన చోటనే విఱుగును. ఒక పత్రికను నాలుగు దినములు ఎండలో నుంచి చూచిన విద్యార్థికి ఈ మార్పు యొక్క ఆరంభము కంటికే కానవచ్చును.

గ్రంథాలయములవారు ఈ ఆపదను గుర్తింపకపోలేదు. ఇరువదవ శతాబ్దపు నడిమి కాలమున వారు పత్రికలను పుటపుటకు ఛాయాచిత్రము తీయించి మైక్రోఫిల్ముగా మార్చుకొనిరి. ఒక గదినిండ పట్టు పత్రికలు ఒక చిన్న సొరుగులో ఇమిడెను. స్థలము చాలక బాధపడుచున్నవారికి ఇది గొప్ప ఉపాయముగా తోచుటలో వింత లేదు. ఉపాయము మంచిదే, పిదప జరిగిన పని మాత్రము మంచిది కాదు. ఫిల్ము చేతికి వచ్చినదిగదా యని పెక్కు గ్రంథాలయములు మూలపత్రికలను వదలించుకొనెను. కొన్ని వర్తకుల పాలయ్యెను. కొన్ని చెత్తలో కలిసెను. ఫిల్మో తెలుపు నలుపులదే! ఆదివారపు పుటలలోని రంగులన్నియు ఆ ఫిల్ములో బూడిదవన్నెగా మిగిలెను. వార్త చదువుకొనుటకు రంగు అక్కఱలేదు. చిత్రకథకు రంగు పోయిన పిమ్మట మిగులునది సగమే. 2001లో నికల్సన్ బేకర్ అను రచయిత గ్రంథాలయముల ఈ పద్ధతిని ఖండించుచు ఒక గ్రంథమునే వ్రాసెను. మన దేశమున వేటపాలెములోని సారస్వత నికేతనమువంటి సంస్థలు ప్రాత తెలుగు పత్రికలను కాగితముగనే కాపాడుకొనుచు వచ్చుట ఎంతటి మేలో ఇట్టి వృత్తాంతములు చదివినప్పుడు తెలియును.

బేకర్ గ్రంథమునకు మూడు దశాబ్దములకు పూర్వమే ఒక సామాన్యుడు ఈ నష్టమును కనుగొని కార్యమునకు పూనుకొనెను. అతని పేరు బిల్ బ్లాక్‌బియర్డ్. 1926లో జన్మించిన ఈతడు ధనికుడు కాడు, ఉద్యోగబలము గలవాడును కాడు. చిత్రకథల చరిత్రను వ్రాయదలచి సాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్రంథాలయమునకు పోగా, అచట బైండు పత్రికలను పాఱవేయ సిద్ధమగుచున్నారని తెలిసెను. తనకిమ్మని అతడు అడిగెను. ప్రజాధనముతో కొన్న వస్తువును ప్రత్యేక వ్యక్తి కిచ్చుటకు నిబంధనలు ఒప్పవనియు, లాభాపేక్ష లేని సంస్థయైనచో ఇయ్యవచ్చుననియు సమాధానము వచ్చెను. వేఱొకడైనచో ఇంటికి మరలి యుండును. బ్లాక్‌బియర్డ్ 1968లో అట్టి సంస్థ నొకదానిని స్థాపించి, దానికి సాన్‌ఫ్రాన్సిస్కో కామిక్ కళా పరిషత్తు అను అర్థము వచ్చు పేరు పెట్టెను. పరిషత్తు కార్యాలయము అతడు కాపురమున్న అద్దె యిల్లే!

అది మొదలు అతడు దేశమున నెచ్చటెచ్చట గ్రంథాలయములు పత్రికలను విసర్జించుచున్నవో విచారించి తెప్పించుకొనుచుండెను. గదులు నిండెను, మోటారుకారు నిలుపు కొట్టమును నిండెను. అతడును అతని భార్యయు ఆ పుటలను వరుసకు చేర్చి, ఒక్కొక్క కథను వేఱుచేసి, తేదీ తప్పకుండ అమర్చిరి. బ్లాక్‌బియర్డ్ అనునది పూర్వము ఒక పేరుమోసిన ఓడదొంగకు గల పేరు. ఈ బ్లాక్‌బియర్డ్ కొల్లగొట్టినది మాత్రము ఇతరులు వలదని పాఱవైచిన దానినే. 1977లో స్మిత్సోనియన్ సంస్థ పక్షమున మార్టిన్ విలియమ్స్ అను విమర్శకునితో కలసి అతడు కూర్చిన బృహద్గ్రంథము చిత్రకథలపై పండితుల దృష్టిని మరల్చెను. తుదకు ఆ సేకరణమంతయు ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు చేరెను. 1998లో దానిని కొలంబస్ నగరమునకు తరలించుటకు 6 పెద్ద లారీలు కావలసి వచ్చెను. దాని బరువు 75 టన్నులు. కత్తిరించి అమర్చిన చిత్రకథలే ఇంచుమించు 25 లక్షలు.

ప్రాతకథలను మరల అచ్చువేయదలచినవారు ఇట్టి నిధులనే ఆశ్రయింతురు. చిత్రకారుడు గీచిన మూలచిత్రములు చెదరిపోయి యుండును. చిత్రకథలను అనేక పత్రికలకు సరఫరా చేయు సిండికేటు అను సంస్థలయొద్ద నమూనా ప్రతులు కొన్ని యుండవచ్చును. తక్కినవానికి ప్రాత పత్రికలే దిక్కు. ఆ పుటకు యంత్రముతో ప్రతిబింబము తీసి, మరకలు తొలగించి, వెనుకవైపు అచ్చు ఇవతలికి కనబడుచున్నచో దానిని చెఱిపి, అరిగిన గీతను సరిచేయవలయును. రంగుల విషయమున రెండు మతములు కలవు. పుటను తెల్లగా చేసి క్రొత్తరంగులు నింపవలెనని కొందఱందురు. ప్రాతకాగితపు ఛాయను, ఆనాటి అచ్చులోని చుక్కలను అట్లే యుంచవలెనని మఱికొందఱందురు. రెండవ పద్ధతియే ఉచితము. నూఱేండ్ల పుటకు నిన్నటి రంగు పూసినచో అది మెకే పుటయు కాదు, నేటి పుటయు కాదు.

ఒక కథను మొదటినుండి తుదివఱకు విడువక అచ్చువేసినప్పుడు కలుగు లాభమునకు 'పీనట్స్' మంచి ఉదాహరణము. ఛార్లెస్ షుల్జ్ దీనిని 1950వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన 7 పత్రికలలో ఆరంభించెను. ఈ పేరును సిండికేటువారు పెట్టిరి. షుల్జ్‌కు అది ఎన్నడును నచ్చలేదు. దాదాపు 50 సంవత్సరములు ఇతరుల సహాయము లేక అతడే గీచిన ఈ కథలు 17,897. చివరి ఆదివారపు కథ 2000వ సంవత్సరము ఫిబ్రవరి 13న వెలువడెను. ఆ ముందటి రాత్రియే షుల్జ్ మరణించెను. అంతకు పూర్వము వచ్చిన పుస్తకములు ఏఱికూర్చినవి. తొలినాటి కథలు పెక్కు వానిలో లేవు. ఫాంటాగ్రాఫిక్స్ అను సంస్థ 2004లో పూనుకొని, సంపుటమునకు ఇంచుమించు రెండేండ్ల కథల చొప్పున, ఏటికి రెండు సంపుటములుగా ప్రచురించి 2016 నాటికి ముగించెను. కథలకు 25 సంపుటములు, చిల్లర రచనలకు ఒకటి. 2004లో ఒకటవ తరగతిలో చేరిన బాలుడు చివరి సంపుటము చేతికి వచ్చునప్పటికి పాఠశాల చదువు ముగించి యుండును. ఆ సంపుటములను వరుసగా చదివినచో, మొదట నాలుగు కాళ్లతో నడచు సామాన్యపు కుక్కపిల్లగా నున్న స్నూపీ క్రమముగా రెండుకాళ్లపై నిలిచి, తన యూహలను బుడగలలో చెప్పుకొనుట కనబడును. లైనస్ అను పాత్ర 1952లో కూర్చుండుటకైన రాని పసిబిడ్డగా ప్రవేశించును. ఏఱికూర్చిన పుస్తకములో ఈ పెరుగుదల తెలియదు.

ఈ సంపుటములు విడివిడిగను, రెండేసి ఒక పెట్టెలో చేర్చియు లభించెను. ఏది కొనవలెనన్నది సేకరించువారి నడుమ తెగని వాదము. పెట్టె దుమ్మునుండి కాపాడును, వరుస తప్పనీయదు, బీరువాకు అందము కూడ. కాని ఒక్కసారిగ పెద్ద మొత్తము చెల్లింపవలెను. బరువో, చెప్పనక్కఱలేదు. బిల్ వాటర్సన్ 1985 నుండి 1995 వఱకు గీచిన 'కాల్విన్ అండ్ హాబ్స్' 2005లో మూడు సంపుటముల పెట్టెగా వచ్చెను. దాని బరువు సుమారు పది కిలోలు! ఒక చిన్నపిల్లవాడును వాని బొమ్మపులియు ప్రధాన పాత్రలైన ఈ కథను పిల్లలు ఒడిలో పెట్టుకొని చదువుట కష్టము. 2012లో మెత్తని అట్టలతో నాలుగు సంపుటముల పెట్టె వెలువడుట మేలయ్యెను. వాటర్సన్ తన పాత్రలతో ఆటబొమ్మలు చేయనీయలేదు గనుక, అభిమానులు దాచుకొనుటకు పుస్తకములు తప్ప వేఱొండు లేదు. పెట్టెపై కప్పిన పలుచని కాగితమునైన చింపక, వెల పెరుగునని దాచువారును కొందఱు కలరు. వారిని పాఠకులనుట కంటె వర్తకులనుట న్యాయము.

ఏ పెట్టెలోను పట్టని పుస్తకమును ఒకటి కలదు. పీటర్ మరెస్కా అను సేకర్త తనయొద్దనున్న 'లిటిల్ నీమో' పుటలను కుదింపక, నాటి పత్రిక కొలతతోనే 2005లో స్వయముగా ప్రచురించెను. ఆ గ్రంథము 16 అంగుళముల వెడల్పు, 21 అంగుళముల పొడవు గలది. దానిని బల్లపై పఱచుకొని నిలుచుండి చదువవలసినదే. నడచిపోవు మంచమును మెకే ఎంత పెద్దదిగా గీచెనో అది చూచిన గాని బోధపడదు.

విడిసంపుటములు కొనువారికి వేఱొక భయము కలదు: ప్రచురణకర్త నడుమ మానివేసినచో ఏమి గతి? 'క్రేజీ క్యాట్' విషయమున అట్లే జరిగెను. జార్జి హెరిమన్ గీచిన ఈ కథలో పిల్లి ఎలుకను ప్రేమించును. ఎలుక పిల్లిపై ఇటుక విసరును. ఆ ఇటుకనే పిల్లి ప్రేమచిహ్నముగా భావించును. పోలీసు కుక్క ఎలుకను చెఱసాలలో పెట్టును. చదువువారు కొద్దిమందియే యైనను పత్రికాధిపతి హర్‌స్ట్ దీనిని విడువక, 1944లో హెరిమన్ మరణించువఱకు ప్రచురించెను. 1988లో ఎక్లిప్స్ అను సంస్థ బ్లాక్‌బియర్డ్ సంపాదకత్వమున, 1916 నుండి ఆదివారపు పుటలను ఏటికొక సంపుటముగా అచ్చువేయనారంభించెను. 1924వ సంవత్సరపు పుటలతో తొమ్మిది సంపుటములు వచ్చి ఆగిపోయెను, సంస్థయే మూతపడెను. కొన్నవారి బీరువాలో ఇరువది సంవత్సరముల కథకు స్థలము ఖాళీగా మిగిలెను. దాదాపు పదేండ్లకు ఫాంటాగ్రాఫిక్స్ సంస్థ అదే బ్లాక్‌బియర్డ్ తోడ్పాటుతో 2002లో 1925వ సంవత్సరము పుటలనుండి ఎత్తుకొని, పది సంపుటములలో 1944 వఱకు ముగించెను. ప్రాత తొమ్మిది సంపుటములు దొరకనివారికై తొలినాటి పుటలను మరల అచ్చువేయు పనియు అది చేపట్టెను. ఆ పని సాగుచుండగా, 2011 మార్చి నెలలో బ్లాక్‌బియర్డ్ మరణించెను. మొదటినుండి ఓపికతో కొన్నవారి బీరువాలలో ఆ వరుసకు పెట్టె లేదు. తొమ్మిది సంపుటముల వెన్నులపై ఒక సంస్థ పేరును, తక్కిన పదింటిపై వేఱొక సంస్థ పేరును కానవచ్చును.