ఉద్యోగం చేస్తూ పీజీ: ఫీజు చుట్టూ అపోహలు

ఉద్యోగంలో కుదురుకున్న రెండు మూడేళ్లకు చాలామందికి ఎంబీఏ మీదో ఎంటెక్ మీదో మనసు మళ్లుతుంది. కొలువు మానకుండా చదివే దారులకేం కొదవ లేదు. ఇగ్నో ఉంది, హైదరాబాద్‌లో అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది, బిట్స్ పిలానీ లాంటి చోట్ల వారాంతపు తరగతులున్నాయి. చిక్కల్లా ఫీజు దగ్గరే. అక్కడ ఆఫీసు క్యాంటీన్‌లో విన్నదే సలహా అయిపోతోంది.

అపోహ: లోన్ తీసుకుంటే పన్ను మిగులుతుంది. చేతిలో డబ్బున్నా లోనే మేలు.

అన్నిటికంటే ఎక్కువ జేబులు ఖాళీ చేయించే మాట ఇదే. అందరూ 80ఈ అని పిలుచుకునే మినహాయింపు వడ్డీకే గానీ అసలుకు కాదు. దానికి గరిష్ఠ పరిమితి లేదన్నది నిజమే. వడ్డీ కట్టడం మొదలుపెట్టిన ఏడాదితో కలిపి ఎనిమిదేళ్లపాటు దొరుకుతుంది. కానీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు మాత్రమే. 2023-24 నుంచి మనం ప్రత్యేకంగా వద్దనకపోతే కొత్త విధానమే వర్తిస్తోంది. అందులో 2025-26 నుంచి 12.75 లక్షల దాకా జీతానికి పన్నే పడదు. పడని పన్నులో మిగిలేదేముంది?

సరే, పాత విధానంలోనే ఉన్నారనుకుందాం. ఏడాదికి వడ్డీ 50 వేలు, మీది 20 శాతం శ్లాబు. సెస్సుతో కలిపి తగ్గే పన్ను 10,400. మిగతా 39,600 మీ జీతంలోంచి పోయినట్టే. డబ్బు లేనివాళ్లకు లోన్ అవసరం, ఎవరూ కాదనరు. పన్ను కోసమే అప్పు చేయడం మాత్రం వృథా.

పైగా ఆ అప్పు బ్యాంకు లాంటి ఆర్థిక సంస్థ చదువు కోసం ఇచ్చినదై ఉండాలి. బావగారు సర్దిన సొమ్ముకు ఎంత వడ్డీ కట్టినా, కంపెనీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టినా లెక్కలోకి రాదు.

అపోహ: నా ఫీజు రసీదు 80సీ కింద చూపించొచ్చు.

చూపించలేరు. అది పిల్లల ట్యూషన్ ఫీజుకే, అదీ ఇద్దరికే. జనవరిలో హెచ్ఆర్ వాళ్లు ప్రూఫులు అడగ్గానే పాప స్కూలు రసీదు పక్కనే తన ఎంబీఏ రసీదూ అప్‌లోడ్ చేసేవాళ్లున్నారు. అది తిరుగు టపాలో వస్తుంది.

అపోహ: కంపెనీ కడితే చదువు ఉచితం. బాండ్లు కోర్టులో నిలవవు.

చాలా కంపెనీలు ముందు మనచేత కట్టించి, పాసయ్యాకే తిరిగి ఇస్తాయి. ఫెయిలైతే ఆ భారం మనదే. ఇక బాండు సంగతి. కనీసం మూడేళ్లు పనిచేయాలి, లేదా 2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు నియామక షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ కేసు చదువు గురించి కాదు, ప్రతి బాండూ చెల్లుతుందనీ కాదు. కానీ ‘ఎవడు అడుగుతాడులే’ అన్న ధీమాకు మాత్రం గండి పడింది. సంతకానికి ముందు మూడు చూడండి: గడువు కోర్సు పూర్తయిన రోజు నుంచి మొదలా, ఫీజు చెల్లించిన రోజు నుంచా? సగం కాలం పనిచేసి మానేస్తే కట్టాల్సింది సగమేనా? వాళ్లే తీసేస్తే ఎలా?

అపోహ: దూరవిద్య పీజీకి పెట్టిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరు.

గుర్తింపున్న సంస్థల దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని యూజీసీ 2022లోనే చెప్పింది. మొదటి వాయిదా కట్టేముందు ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి యూజీసీ దూరవిద్య విభాగం అనుమతి ఉందో లేదో చూసుకోవాలి. సంస్థకు పేరుంటే చాలదు.

అపోహ: అమెరికాలో హెచ్-1బీ మీద ఉంటే చదవకూడదు, కంపెనీ సాయం పౌరులకే.

ఉద్యోగం నిబంధనల ప్రకారం సాగుతున్నంత కాలం పక్కన చదువుకోవచ్చు. యజమాని ఇచ్చే విద్యా సాయంలో ఏడాదికి 5,250 డాలర్ల దాకా ఫెడరల్ పన్ను లేదు. దానికి పౌరసత్వంతో పని లేదు, కంపెనీకి లిఖితపూర్వక పథకం ఉంటే చాలు. పరిమితి క్యాలెండర్ సంవత్సరానిది. ఒక సెమిస్టర్ సాయం డిసెంబరులో, మరొకటి జనవరిలో అందేలా చూసుకుంటే రెండేళ్ల పరిమితులూ వాడుకోవచ్చు.