ఇరవైనాలుగు నిముషాల లెక్క

పిల్లలూ! మన ఇచ్చోడకు సుమారు 30 కిలోమీటర్ల ఉత్తరాన ఆదిలాబాదులో నిజాం పాలనాకాలంలో వేసిన విమాన మైదానం ఒకటి ఉన్నది. పాత కరీంనగర్ జిల్లాలో, రామగుండం దగ్గర బసంత్‌నగర్‌లో మరొకటి ఉన్నది. 1980లలో కొంతకాలం వాయుదూత్ వారి చిన్న విమానాలు అక్కడ దిగేవి. తరువాత ఆగిపోయినవి.

ఈ రెంటి మధ్య విమానం తిరిగితే ఎంత సేపు పడుతుంది? ముందు దూరం తెలియాలి. అందుకు టేపు అక్కరలేదు, అట్లాసు చాలు. ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ అంటే 111 కిలోమీటర్లు. మన ప్రాంతంలో తూర్పు పడమరలుగా ఒక డిగ్రీ 105 కిలోమీటర్లే. ఆ ప్రకారం బసంత్‌నగర్ ఆదిలాబాదుకు 107 కిలోమీటర్లు దక్షిణంగా, 90 కిలోమీటర్లు తూర్పుగా ఉన్నది. లంబకోణ త్రిభుజం గీసి కర్ణం కట్టండి. సుమారు 140 కిలోమీటర్లు వస్తుంది. ఆ గీత దాదాపుగా ఉట్నూరు, జన్నారం, లక్సెట్టిపేటల మీదుగా పోయి గోదావరిని దాటుతుంది.

పందొమ్మిది మంది కూర్చునే విమానం గంటకు 350 కిలోమీటర్లు పోతుందనుకుందాం. ఒకసారి తరగతిలో ఈ లెక్క ఇస్తే అందరూ 24 నిముషాలని వ్రాశారు. వెనుక బెంచీ పిల్లవాడొకడు మాత్రం లేచి, "సార్, ఎగిరీ ఎగరంగనే అంత స్పీడ్ ఎట్లొస్తది?" అన్నాడు. పలక మీద ఏమీ వ్రాయని వాడికే ఆ రోజు మంచి మార్కులిచ్చాను!

నిజమే కదా! విమానం ముందు నేల మీద మెల్లగా నడిచి రన్‌వే చివరకు చేరాలి. పైకెక్కేటప్పుడు వేగం తక్కువ. దిగేముందు మళ్ళీ తగ్గించుకోవాలి. పైగా విమానం గాలికి ఎదురుగానే లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. గాలి అటుగా వీస్తే చుట్టు తిరిగి రావలసిందే. ఇవన్నీ కలిపితే 40 నిముషాలకు తక్కువ కాదు. దగ్గరి ఊళ్ళకు విమానం వల్ల కలిసి వచ్చేది మనం అనుకున్నంత ఉండదని నా అభిప్రాయం.

దూరం పెరిగితే సంగతి వేరు. నార్వే దేశానికి ఉత్తరాన ట్రోమ్సో పట్నం నుండి లాంగ్‌యియర్‌బ్యెన్‌కు సుమారు 950 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్ల జెట్ విమానానికి భాగహారం ప్రకారం 71 నిముషాలు. పట్టేది సుమారు గంటా నలభై నిముషాలు. అదనం అరగంటే. అక్కడికి రోడ్డు లేదు, మధ్యన అంతా సముద్రం! ఆ ఊరు 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. అక్కడ తూర్పు పడమరల డిగ్రీ 23 కిలోమీటర్లకు కుదించుకుపోతుంది. ఎందుచేతనంటే రేఖాంశాలన్నీ ధ్రువం దగ్గర కలుస్తవి.

ఇక మీకొక లెక్క. హైదరాబాదు మన ఇచ్చోడకు దాదాపు నేరుగా దక్షిణాన, రెండు డిగ్రీలకు కొంచెం పైగా ఉన్నది. దూరం కట్టి, దానిని మన రోడ్డు పక్కన కిలోమీటరు రాయి చెప్పే దూరంతో పోల్చి చూడండి.